కటాంజనంలో సందు

బసంత్‌నగర్ బస్సులో, మా వరండా కోసం కొన్న పాత చెక్క కటాంజనాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పువ్వుల నగిషీ బాగుంది కానీ, ఒక కడ్డీ కోసేసి ఉంది. ఆ సంగతి దాచి అంటగట్టిన వ్యాపారిని వదలదలచుకోలేదు. పక్కనున్న ముసలాయన ఆ సందులో చెయ్యి పెట్టి తడుముతుంటే, లాక్కుంటాడేమోనని గట్టిగా పట్టుకున్నాను.

"ఇది మా ఇంటిదే అన్నా. బొగ్గుబాయి ఓపెన్‌కాస్టుల మా ఊరు పోయినప్పుడు అమ్మినం. మా బిడ్డ చిన్నప్పుడు దీంట్ల తలకాయ ఇరికిచ్చుకుని ఏడుస్తుంటే, గీ కడ్డీ నేనే కోసిన. ఒక్క ఫొటో తీసుకుంట, బిడ్డకు పంపుత."

"నా మొహం పడొద్దు," అన్నాను.

"నీ మొహమెందుకన్నా, సందు చాలు," అని నవ్వాడు.

ఆ మాట నేనింకా మర్చిపోలేదు. తర్వాత నా పోరు పడలేక వ్యాపారి కొత్త కడ్డీ పంపాడు. బిగించలేదు.