బుకిట్ బటోక్ నుంచి జున్ను కంటి డాక్టరు దాకా

బుల్లీ, నీ జున్నుని కంటి డాక్టరుకి చూపించుకొచ్చానమ్మా.

చదివేవాళ్ళకి నేనెవరో ముందు చెప్పాలి. ఈ బ్లాగు మా అమ్మాయి బుల్లిది. సింగపూర్‌లో కుక్కని వెంటబెట్టుకుని ఎక్కడికెళ్ళొచ్చో, ఎలా వెళ్ళాలో తను ఇందులో రాసేది. పోయిన ఏడాది జబ్బు చేసి మా అమ్మాయి చనిపోయింది. మాది తుని, నా చదువు ఐదో తరగతి. బుకిట్ బటోక్‌లో తనున్న ఫ్లాట్‌లో సామాను సర్దడానికి వచ్చి నెలయింది. అదే ఫ్లాట్‌లో ఉండే శ్రావణి, ఇక్కడే వన్-నార్త్ అనే పేటలో పరిశోధన చేసే వరంగల్ పిల్ల, జున్నుని చూసుకుంటోంది. నేను చెబుతుంటే ఇది టైపు చేస్తున్నదీ తనే. "మీ మాట మీ లెక్కనే ఉండనీయుండ్రి ఆంటీ, నేనేం దిద్ద" అంది.

జున్ను చదునుమూతి షిట్జూ కుక్క. ఏడేళ్ళుంటాయి. పెద్ద పెద్ద గుడ్లేసుకుని మనిషిలా చూస్తుంది. ఆ జాతికి కళ్ళ జబ్బులు ఎక్కువట, అందుకని అమ్మాయి ఏటా దాన్ని జంతువుల కళ్ళు మాత్రమే చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. ఫోన్లో ఆ సంగతి చెబితే నేను నవ్వేదాన్ని. "మీ నాన్న కళ్ళజోడు మార్చి ఎనిమిదేళ్ళయింది. కుక్కకి ఏటేటా కంటి డాక్టరా?" అనేదాన్ని. పోయినేడు ఆ వేళకి అమ్మాయే ఆసుపత్రిలో ఉంది. జున్ను కళ్ళ మాట ఎవరికి గుర్తుంటుంది?

ఈ మధ్య దాని కుడికన్ను ఎర్రబడింది. నీళ్ళు కారేవి, కాలితో మొహం రుద్దుకునేది. వేడి చేసిందనుకున్నాను. మావైపు కళ్ళు మండితే నందివర్ధనం పూలు రెప్పలమీద పెట్టుకుని పడుకుంటాం. బ్లాకు కింద తోటలో ఆ మొక్కలున్నాయి. పొద్దున్నే నాలుగు పూలు కోసుకొచ్చి, జున్నుని ఒళ్ళో వేసుకుని పెట్టేదాన్ని. శ్రావణి చూసి కసిరింది. "పూలు తెంపితే ఫైన్ వేస్తరు ఆంటీ! ముందుగాల డాక్టర్ దగ్గరకు పోదాం." నేను "చల్లబడుతుందిలే, ఆగు" అన్నాను. అలా ఆరు రోజులు ఆపాను. ఏడోరోజు జున్ను నడుస్తూ నడుస్తూ తలుపు వారకి గుద్దుకుంది. కాసేపాగి మళ్ళీ గుద్దుకుంది. రెండుసార్లూ కుడివైపే. దాన్ని ఎత్తుకుని శ్రావణిని కేకేశాను. మా అమ్మాయి పెంచిన ప్రాణం నా చేతుల్లోకొచ్చి గుడ్డిదైపోతుందా అని. శ్రావణి ఆ కళ్ళ డాక్టరు దగ్గరికి ఫోన్ చేసి విషయం చెబితే మర్నాడు పదింటికి రమ్మన్నారు.

ఇక్కడ బస్సుల్లోకీ రైళ్ళలోకీ మామూలు పెంపుడు కుక్కల్ని రానివ్వరు. కుక్కల్ని ఎక్కించుకునే కారు విడిగా బుక్ చేసుకోవాలి. మాకు వెళ్ళడానికి ఇరవై ఎనిమిది డాలర్లయింది. తొమ్మిదీ పావుకి కారొచ్చింది. నడిపే ఆయన మా మాటలు విని అద్దంలోంచి చూశాడు. "తెలుగా అమ్మా? నేనూ తెలుగే. మలేషియాలో పుట్టినాను. తాత ఊరు శ్రీకాకుళం అంటారు, నేను చూసింది లే" అన్నాడు. తర్వాత ఇంగ్లీషులో జున్నుని అడిగాడు, ఏసీ సరిపోతోందా అని. "మనుషుల్ని అడక్కపోయినా పర్వాలే, కుక్కని అడగాలి లా! వాళ్ళ అమ్మలు యాప్‌లో మాకిచ్చే స్టార్లు కోసేస్తారు" అని, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి నవ్వాడు. శ్రావణి నవ్వింది. నేను జున్ను తలమీద చెయ్యి తియ్యలేదు. పెద్ద రోడ్డు మీద నలభై నిమిషాలు పట్టింది.

డాక్టరమ్మ చైనీసావిడ, నా ఈడుది. తను ఇంగ్లీషులో చెబితే శ్రావణి నాకు తెలుగులో చెప్పింది. ముందు సన్నటి కాగితం ముక్క కింది రెప్పలో పెట్టి, నీళ్ళు ఎంత ఊరుతున్నాయో చూసింది. మందుచుక్క వేసి, పెన్నులాంటి దాంతో గుడ్డుని తాకీ తాకనట్టు తట్టింది. కంటి లోపలి ఒత్తిడి అంకెల్లో వస్తుందట. జున్ను కదల్లేదు.

ఆవిడ శ్రావణిని ఏదో అడిగింది. శ్రావణి తల దించుకుంది.

"ఏవంటోందే?"

"జున్ను వాళ్ళ మమ్మీ రాలేదా అని అడుగుతుంది ఆంటీ."

"చెప్పు. మా అమ్మాయి లేదు, నేను దాన్ని కన్న అమ్మనని చెప్పు."

డాక్టరమ్మ చేతిలోది కింద పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత కుర్చీ జరిపి, కంప్యూటర్ నా వైపు తిప్పింది. "ఇది జున్ను ఎడమకన్ను లోపల. రెండేళ్ళ కింద తీసిన్రంట. అక్క వచ్చినప్పుడల్లా ఇట్ల ఫొటో తీపించి చూసి పోయేదంట" అంది శ్రావణి.

నేను ఏం చూశానో ఎలా చెప్పను! నల్లటి చీకట్లో నెమలి మెడ రంగు. పచ్చగా, బంగారంగా, అంచున నీలంగా మెరుస్తోంది. దాని మీద ఎర్రటి సన్న తీగలు పాకి ఉన్నాయి. మసక వెలుతుర్లో కూడా కుక్కకి కనబడేది ఆ మెరుపు వల్లేనట. నా ఒళ్ళో రోజూ దొర్లే కుక్క కళ్ళలో ఇంత లోకం ఉందని నాకు తెలీదు. గది చీకటి చేసి, గుండ్రటి అద్దం పట్టి, అదే కన్ను ఇప్పుడెలా ఉందో కూడా చూపించింది. అక్కడా ఉంది ఆ మెరుపు, బతికే ఉంది.

ఆ తర్వాత ఉన్నది చెప్పింది. కుడికంట్లో ఒత్తిడి బాగా పెరిగి వెనకున్న నరం పాడయింది, చూపు ఇక రాదు. ఎడమకంట్లో ఇప్పుడిప్పుడే పెరుగుతోంది, దాన్ని కాపాడుకోవచ్చు. ఇవాళ్టి నుంచి రెండుపూటలా చుక్కలు, నెలకోసారి చూపించడం. పూలు పెట్టానని దాచకుండా చెప్పాను. మూసిన రెప్ప మీద పెడితే పూలు చేసిందేం లేదంది, తొడిమ పాలు కంట్లో పడుంటే మాత్రం మండి పుండయ్యేదట. "మరి ఏటా చూపించి ఉంటే?" అని అడిగాను. "ముందే పట్టుకునేవాళ్ళమేమో" అంది. కచ్చితంగా అనలేదు. ఆరు రోజుల సంగతి ఆవిడ ఎత్తలేదు, నాకు మాత్రం తెలుసు.

మొత్తం గంటంపావు పట్టింది. పరీక్షలకీ మందులకీ రెండువందల ఎనభై డాలర్లు. తిరుగు కార్లో జున్ను నా మోచేతి మీద గడ్డం పెట్టుకుని, ఎడమ కిటికీలోంచి పరుగెత్తే చెట్లని చూస్తూ కూచుంది. ఒక్కో చెట్టుకీ దాని గుడ్డు కదులుతోంది. నేను చెట్లు చూడలేదు, ఆ కదలికే చూశాను.

మా అమ్మాయి నవ్వుతూ తిరిగేది. లోపల జబ్బు ఎప్పుడు మొదలైందో దానికీ తెలీదు, కన్నదాన్ని నాకూ తెలీలేదు. పైకి బాగున్నవాళ్ళ లోపలికి కూడా ఒకళ్ళు దీపం పట్టుకుని చూడాలి. కుక్కయితే నొప్పని నోటితో చెప్పలేదు. అందుకే చెబుతున్నాను, బాగున్నప్పుడే ఏటా ఒకసారి కళ్ళ స్పెషలిస్టుకి చూపించండి. వచ్చే ఏడాది రోజు కూడా అక్కడే రాయించుకుని, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టించండి, ఒకళ్ళు లేకపోయినా ఇంకొకళ్ళకి మోగుతుంది. కన్ను ఎర్రబడితే మాత్రం ఆ రోజే ఫోన్ చెయ్యండి. ఇంత దూరం చదివారు, తల్లిలాంటిదాన్ని, ఒక్కటి అడుగుతాను. వేళకి కూచుని కడుపునిండా తినండి.