నిలబడ్డ కాలికి కట్టు

వికారాబాద్-తాండూరు బస్సులో కండక్టరుగా ఏళ్ల తరబడి నిలబడి నిలబడి నా పిక్కల మీద నరాలు ఉబ్బాయి. ఎడమ చీలమండ దగ్గర పుండు పడింది. ఏడాదైనా మానలేదు. మానకపోతే బస్సు దింపి డిపోలో కుర్చీ వేస్తామని పైవాళ్లు చెప్పేశారు. కుర్చీ మాటెత్తితేనే నాకు ఒళ్లుమంట. వికారాబాద్ ఆసుపత్రిలో కాలికి బిగించే రెండు రకాల పట్టీలను పరీక్షిస్తున్నారని తెలిసి నేనూ పేరు రాయించుకున్నాను.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. వేళ్ల దగ్గర మొదలుపెట్టి, చీలమండ దగ్గర గట్టిగా, మోకాలివైపు పోయేకొద్దీ వదులుగా చుట్టి చూపించింది. మూడో రోజు అది కాస్తా జారింది. పొద్దున్నే డ్యూటీ తొందరలో ఉంటే మా అమ్మ తిరిగి కట్టింది. కందిచేలల్లో బతికిన మనిషి, ఆమెకు తెలిసిన కాలికట్టు పాము కరిస్తే కట్టేది ఒక్కటే. మోకాలి కింద బిగదీసి ముడేసింది. తాండూరు చేరేసరికి పాదం బూరెలా పొంగింది.

డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది.

"మీరు నిలబడే పని మానరు, కట్టు సరిగ్గా కట్టుకోరు. మిమ్మల్ని పరీక్షలోంచి తీసేయాల్సిందేనమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"ఎందుకు తీస్తరు మేడం? మంచంల పండుకున్నోళ్లకు మానితే గొప్పేముంది? బస్సుల, చేన్ల, తాండూరు బండలు కోసే మిషన్ల కాడ నిలబడేటోళ్లకే గదా గీ పుండ్లు పడేది! మాకు పనికిరాని పట్టీ ఇంకెవ్వలికి? మా అమ్మ పాముకట్టు కట్టింది, కాలు వాచింది అని జర రాస్కోండ్రి. గది గుడ పరీక్షనే!"

ఆమె కాగితం ముందుకు లాక్కుంది. నన్ను తీసేయలేదు, నేను చెప్పింది రాసుకుంది. మర్నాడు అమ్మను వెంట తీసుకురమ్మంది.

అమ్మ ఊరికే వినే మనిషా? "కింద బిగిచ్చి మీద వదిలితే ఇషం ఎక్కదా బిడ్డా?" అని డాక్టరమ్మనే నిలదీసింది.

"ఇది విషం ఆపేది కాదమ్మా. కింద నిలిచిపోయిన రక్తాన్ని పైకి పంపేది" అని డాక్టరమ్మ ఓపికగా అమ్మ చేతనే నాలుగుసార్లు కట్టించింది. ఆ తర్వాత ఎవరికి పట్టీ ఇచ్చినా, ఇంట్లో కట్టేదెవరని ముందు అడగడం మొదలుపెట్టారు.

రోజూ అమ్మే కట్టింది. నేను ఒక్క ట్రిప్పూ మానలేదు. వానాకాలం పోయి చలి మొదలయ్యేనాటికి పుండు మూసుకుంది.

అయినా డిపోలో కుర్చీ సిద్ధం చేసి పెట్టారు. "ఎందుకమ్మా మొండితనం, కూర్చోరాదా" అన్నాడు పెద్దసారు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, మానిన కాలు ఆ కుర్చీ మీదే పెట్టి చూపించాను. టికెట్ల మిషను తీసుకుని బస్సెక్కాను.