కర్రి ఆపరేషన్

అరకు పైన కొండమీది ఊళ్లో కనకకు కాఫీ తోట ఉంది. ఆమె పెంచిన నల్ల ఆడకుక్క పేరు కర్రి. రెండేళ్లలో అది మూడుసార్లు ఈనింది. మూడో ఈతలో ఐదూ ఆడకూనలే.

అవి కళ్లు తెరవకముందే మరిది ధనుంజయ్ ఎరువు సంచిలో మూటకట్టి ఊరి పక్కన పారే గెడ్డలో పడేశాడు. కర్రి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ మొరుగుతుంటే కనక పరుగెత్తుకొచ్చి నీళ్లలోకి దిగింది. సంచి విప్పితే ఒక్క కూనకే ఊపిరి ఉంది. దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చి, తడిసిన సంచిని ధనుంజయ్ ముందు పడేసింది.

"ఏటిది వదినా?"

"నువ్వు సేసిన పనే. సూడు!"

"ఆడ కూనల్ని ఎవుడడుగుతాడు? ఊరంతా కుక్కలైపోవా?"

ఆ వారం సంతలో పశువుల డాక్టరమ్మ ఉమామహేశ్వరి కనబడింది. ఇక పిల్లలు పుట్టకుండా కర్రికి ఆపరేషన్ చేస్తానని, కూన పాలు మానాక తీసుకురమ్మని చెప్పింది.

ఇంట్లో ఈ సంగతి తెలియగానే మగవాళ్లకు ధర్మం గుర్తొచ్చింది.

"తల్లి కడుపు కోయిత్తావా? పాపం తగల్దా?" అన్నాడు భర్త భీముడు.

కనకకు ఒళ్లు మండిపోయింది. "నీ తమ్ముడు ఆటిని ముంచినప్పుడు పాపం నేదా? మూడో పురుడవగానే నన్ను జీపెక్కించి కోయించీసినారే, అప్పుడు పాపం నేదా? కాగితం మీద నా ఏలు అద్దించింది నువ్వు కాదా? మగోళ్లకైతే సిన్న కోతేనని నర్సమ్మ సెప్తే తోటలోకి పారిపోనావు!"

భీముడు ఇప్పుడూ తోటలోకే నడిచాడు.

అంత అరిచింది గానీ, ఆ మాటలు తననే పొడిచాయి. తననెవరూ అడగలేదు. మరి కర్రిని తను ఎలా అడుగుతుంది? నెల దాటినా తేల్చుకోలేక, చివరికి డాక్టరమ్మ దగ్గరకే వెళ్లింది.

"మత్తు ఇత్తారా? నొప్పి ఎన్నాళ్లుంటాది? నాకు కోసినాక ఆర్నెల్లు నడుం లెగనేదు. ఎవులూ వచ్చి సూడనేదు."

డాక్టరమ్మ విసుక్కోలేదు. మత్తు ఇస్తామని, పది రోజులు కుట్లు నాకకుండా చూడాలని, మధ్యలో తనే వచ్చి చూస్తానని చెప్పింది. "నీకూ ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాల్సిందమ్మా," అంది.

కనక కళ్లు తుడుచుకుంది. "ఐతే సెయ్యండి. నేను పక్కనే ఉంటాను."

ఆపరేషన్ అయ్యాక కర్రి వణుకుతూ ఆటోలో కనక ఒళ్లోనే ఇల్లు చేరింది. పది రోజులు కనక దాని పక్కనుంచి కదల్లేదు. వంటా, తోటపనీ భీముడే చేసుకున్నాడు. ఒక్కసారి కూడా సణగలేదు. కుట్లు శుభ్రంగా మానాయి.

ధనుంజయ్ మాత్రం తప్పయిందని అనలేదు. కనక అతనితో మాట మానేసింది.

"ఆడ్ని ఈసారికి ఒగ్గీయే," అని భీముడు బతిమాలాడు.

"ఒగ్గను."

ఏటా కూలీలను వెంటబెట్టుకుని మరిది తోటలో పండు కోసేది ఆమే; ఈ ఏడు కాఫీ కోతలకు అక్కడ అడుగుపెట్టలేదు. కోసే చేతులు చాలక అతని పండు సగం నేలపాలైంది. చూసి కూడా కనక జాలిపడలేదు.