ముంచింగిపుట్టు జీపులో విన్న మాట: ఆయా

మేఘాలు చూడటానికి కాదు నేను పాడేరు బస్సెక్కింది. చోడవరంలో ఏళ్ళ తరబడి ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పి గొంతు పాడుచేసుకున్నాను. ఇక గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు తేల్చేశారు. మాట్లాడని టీచర్ని ఎవరు పెట్టుకుంటారు? ఏ తరగతికి ఏ పాఠం, ఎప్పుడు, ఎలా చెప్పాలో కూర్చుని తయారుచేసే కరికులమ్ కోఆర్డినేటర్ ఉద్యోగం ఒక్కటే నాకు మిగిలిన దారి. రెండు చోట్ల ఇంటర్వ్యూలోనే పోయింది. ఏజెన్సీ బడులకు పాఠాలు రాసే ఒక సంస్థ మాత్రం ముంచింగిపుట్టు వైపున్న ఆశ్రమ పాఠశాలకు వచ్చి ఒక పాఠం చెప్పి చూపించమంది. ఇదీ పోతే ఇక బడి గడప తొక్కే అవసరమే నాకుండదు.

విశాఖ నుంచి పాడేరు వెళ్ళే మొదటి బస్సు తెల్లవారకముందే చోడవరం వస్తుంది. టికెట్టు వందకు అటూఇటూ. మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. కడుపులో తిప్పే అలవాటుంటే ఏమీ తినకుండా ఎక్కండి. బస్సునిండా వంజంగి కొండకు మబ్బులు చూడ్డానికి వెళ్ళే కుర్రకారు, పాటలూ కేకలూ. వాళ్ళ సరదా చూస్తే నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ తప్పేమీ లేదు. పాడేరులో చలికి వణుకుతూ రెండు ఇడ్లీలు తిని, ముంచింగిపుట్టు వెళ్ళే సర్వీసు జీపు దగ్గర నిలబడ్డాను. మనిషికి వంద. నిండితే గానీ కదలదు.

"బేగి ఎక్కండి మేడమ్, ముందు సీటు మీకే అట్టిపెట్టినాను," అన్నాడు డ్రైవరు. చూస్తే అప్పటికే ఇద్దరిని అక్కడ కూర్చోబెట్టాడు.

పెదబయలు దాటాక ఒకామె చిన్నపిల్లతో ఎక్కింది. ఆ పిల్ల ఆమె చీర కొంగు పట్టుకుని "ఆయా, ఆయా" అంటూ ఒకటే గునుపు. బళ్ళో పిల్లల ముక్కులు తుడిచే ఆయా అనుకుని, "ఏ స్కూల్లో చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

జీపంతా నవ్వింది. "స్కూలాయా కాదు మేడమ్. ఆ గుంట తల్లిని పిలుస్తంది. వీళ్ళ మాటలో ఆయా అంటే అమ్మే," అన్నాడు డ్రైవరు.

ఆమె కూడా నవ్వింది. పిల్ల పేరు సొంబారి. జ్వరమొచ్చి ఇంటికొచ్చిందట, మళ్ళీ హాస్టల్లో దింపడానికి తీసుకెళ్తోంది. తీరా చూస్తే నేను వెళ్ళేదీ ఆ బడికే.

పాఠం అ అక్షరం. నేను గీసుకెళ్ళిన బొమ్మలో ఒక తల్లి, ఒళ్ళో బిడ్డ. ఎవరని అడిగితే తరగతి నేల చూసింది. నాకు జీపు గుర్తొచ్చింది. "ఆయా?" అన్నాను. మొదట సొంబారి, తర్వాత పిల్లలందరూ "ఆయా!" అని అరిచారు. అ పక్కనపెట్టి, బోర్డు మీద పెద్ద ఆ రాసి పక్కన ఆయా అని రాశాను. సొంబారి వచ్చి ఆ మాట మీద వేలు పెట్టి దిద్దింది. ఇన్నేళ్ళ చాకిరీలో అంత ముద్దైన పాఠం నేను చెప్పలేదు.

వెనక బెంచీ మీద నా పాఠం చూస్తున్న సంస్థ పెద్దాయన బయటికి పిలిచారు. చెడ్డమనిషి కాదు, అలసిపోయిన మనిషి. "బాగుంది మేడమ్. కానీ అన్ని బడులకూ ఒకటే పుస్తకం, ఒకటే పరీక్ష. అన్నిచోట్లా ఒకే మాట నడిచేలా చూడటమే కోఆర్డినేటర్ పని. అది తుడిచి అమ్మ అని రాసి, మళ్ళీ చెప్పండి. అదీ చూడాలి నేను."

తుడిచాను. నా చేత్తోనే. ఆయా తప్పు అనలేదు, బళ్ళో అమ్మ అనాలని మాత్రం అన్నాను. సొంబారికి బొమ్మ చూపించి ఎవరని అడిగాను. బొమ్మ వైపు చూసింది, బోర్డు వైపు చూసింది, నోరు విప్పలేదు. మళ్ళీ అడిగాను. మూడోసారి అడగడానికి నాకు గొంతు రాలేదు.

చీకటి పడితే జీపులు దొరకవు, మూడింటికే రోడ్డు మీదికి వచ్చేయండి. నేను ఎక్కిన జీపులో సొంబారి తల్లి ఉంది. "మా గుంట ఏడిసిందేటమ్మా?" అని అడిగింది. "లేదమ్మా, ఏడవలేదు," అన్నాను. అబద్ధం కాదు. ఆమె స్థిమితపడి, పెదబయలు రాకముందే తన ఊరి దగ్గర దిగిపోయింది.

నిన్న మెయిల్ వచ్చింది. ఉద్యోగం నాకే ఇచ్చారు. చెప్పిన మార్పును వెంటనే అమలు చేశానని మెచ్చుకున్నారు కూడా. ఇంట్లో వాళ్ళు స్వీట్లు తెచ్చారు. వద్దనే ధైర్యం లేదు, చేరితే నేను చేయాల్సింది ఆ తుడవడమే. ఎటు చూసినా దారి కనిపించడం లేదు.

ఈ కొండల్లో పాఠం చెప్పడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ముందురోజే పాడేరు చేరి, అక్కడి పిల్లలు తల్లిని ఏమని పిలుస్తారో అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నాక డస్టర్ మీ చేతికిస్తే ఏం చేయాలో మాత్రం నన్నడగకండి.