భార్గవి చేయి, తెర మీద గీత

2017 వేసవి. మదనపల్లెలో ఒక క్రీడా శిక్షణ కేంద్రంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న రోజులు. మాకు కొత్తగా ఈఎంజీ యంత్రం వచ్చింది. కండరం పనిచేసేటప్పుడు పుట్టే సన్నటి కరెంటును, చర్మం మీద అంటించిన బిళ్లలతో పట్టి, తెర మీద గీతలుగా చూపిస్తుంది. ఎన్ని వైర్లో దానికి! ఒక మనిషిని సిద్ధం చేసేసరికి అరగంట పట్టేది. అయినా యంత్రం పెట్టిన ఆ రేకుల షెడ్డు, ఆ వైర్ల చిక్కు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పుంగనూరు నుంచి భార్గవి అనే పదహారేళ్ల అమ్మాయి జావెలిన్, అంటే ఈటె విసరడం, నేర్చుకోవడానికి వచ్చేది. నెల తర్వాత కుప్పంలో సెలక్షన్స్. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, లేదంటే వయసు దాటిపోతుంది. వాళ్ల నాన్న వెంకట్రమణప్ప బస్సు కండక్టరు. డ్యూటీ మార్చుకుని మరీ కూతురి వెంట వచ్చి, తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

విసిరేటప్పుడు మోచేతిని చాపేది చేతి వెనక కండరం, ట్రైసెప్స్. ముందుండే బైసెప్స్ అప్పుడు వదులుగా ఉండాలి. కొత్తవాళ్లకు రెండూ ఒకేసారి బిగుస్తాయి, బ్రేకు తొక్కి బండి నడిపినట్టు. నేర్చుకునేకొద్దీ బైసెప్స్ గీత చిన్నదవుతుంది. రెండు వారాల్లో భార్గవి గీత సగానికి తగ్గింది. నాకు ఒకటే సంబరం.

వెంకట్రమణప్ప ముఖం మాత్రం మాడిపోయింది. "మేడం, పోయిన వారం గీత ఇంతెత్తు ఉండె. ఇప్పుడు యాల పడిపోయిండాది?"

బయట ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. "మీకు చెప్పినా అర్థం కాదులేప్పా. నా పని నన్ను చేసుకోనీండి" అని విసుక్కున్నాను. నా నోరే అంత.

తర్వాతి వారం గీత మళ్లీ పైకి లేచింది. గ్రౌండులో చూస్తే జావెలిన్ మునుపటికన్నా దగ్గర్లోనే పడుతోంది. "ప్రాక్టీసు ఎగ్గొట్టావా?" అని గదమాయించాను. పిల్ల భోరుమంది.

"లేదు మేడం! గీత పడిపోతే సీటు రాదని నాయన దిగులు పెట్టుకున్యాడు. అందుకే చెయ్యి బిగబట్టి ఇసురుతాండాను."

సెలక్షన్స్‌కు పది రోజులే ఉంది. వెంకట్రమణప్పను పిలిచి బిళ్లలు ఆయన చేతులకే అంటించాను. కుడిచేత్తో బంతి విసిరితే బైసెప్స్ గీత కాస్తే లేచింది, బంతి దూరంగా పడింది. అలవాటు లేని ఎడమచేత్తో విసరమన్నాను. గీత గంతులేసింది, బంతి ఆయన కాళ్ల దగ్గరే పడింది.

"అంటే, తగ్గితేనే మంచిదా మేడం? అయ్యో, నేనే బిడ్డ చెయ్యి కట్టేసినానే!"

కుప్పంలో మొదటి రెండు విసుర్లూ పాడైపోయాయి. చివరిదైన మూడోదానికి ఆయన గ్రౌండుకు వీపు తిప్పి నిలబడ్డాడు. "యాడ పడింది మేడం?" అంటాడే గానీ తిరిగి చూడడు. భుజం పట్టుకుని ఆయన్ను తిప్పాను. టేపు పట్టుకున్నవాళ్లు ఇంకా ముందుకు నడుస్తూనే ఉన్నారు.

సీటు వచ్చింది. ఆయన నాకు దణ్ణం పెడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అడిగిన రోజే ఒక్క నిమిషం చెప్పి ఉంటే ఆ పిల్ల వారం రోజులు అంత అవస్థ పడేది కాదు. చెప్పినా అర్థం కాదని నేను తోసేసిన మనిషికి, బంతి రెండుసార్లు విసిరేసరికి అంతా అర్థమైపోయింది.