ఇరవై రోజులు పట్టుబడి లేదు

ఈ సంగతి మా ఊళ్ళో మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా సగమే చెప్పాను.

నేను తెనాలిలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఈ మూడింటిలో ఎవరు ఏ తప్పు మాట్లాడినా నాకు అన్నంలో రాయి తగిలినట్టుండేది. పెళ్ళికి వెళితే ముందు శుభలేఖలో అచ్చుతప్పులు వెతికేవాణ్ణి. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ నాకు మెసేజ్ పెట్టడానికి భయపడతారు. ఆ భయం చూసి నేను లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చేసిన పని చెప్పేముందు చేసినవాడు ఎలాంటివాడో తెలియాలి.

అమెరికా వాళ్ళు మన రొయ్యల మీద సుంకం పెంచిన ఏడు అది. ఎగుమతుల విషయంలో ప్రభుత్వం ఏం చేస్తోంది, చేసిన మేలు చెరువు గట్టుదాకా వస్తోందా లేదా అని అడిగి తెలుసుకోవడానికి పార్లమెంటు సభ్యులు కొందరు బాపట్ల వస్తున్నారు. జిల్లా ఆఫీసులో పనిచేసే నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "వచ్చేవాళ్ళలో చాలామందికి హిందీ, కొందరికి ఇంగ్లీషు మాస్టారూ. రైతులకేమో తెలుగు తప్ప రాదు. మీరైతే ఏ భాషకైనా తడుముకోరు" అన్నాడు. ఆ మాట నేను ఇస్త్రీ కొట్టువాడికి చెప్పాను, మసీదు దగ్గర చెప్పాను, బియ్యం కొట్లో చెప్పాను. మా ఆవిడ విసుక్కుంది. "నువ్వు వెళ్ళేది నలుగురు చెప్పింది మళ్ళీ చెప్పడానికి. నువ్వే పార్లమెంటులో కూర్చుంటున్నట్టు చెబుతున్నావేంటి?"

బాపట్లలో ఏసీ హాలు. నా చొక్కాకి 'అనువాదకులు' అని బిళ్ళ పెట్టారు. పొద్దుటంతా అధికారులు, ఎగుమతిదారులు ఇంగ్లీషులోనే మాట్లాడారు కాబట్టి నాకు పని లేదు. రైతుల వంతు వచ్చేసరికి భోజనాల వేళ అయింది. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. "రెండు ముక్కల్లో తేల్చేయండి సార్" అని ఒక ఆఫీసరు నా చెవిలో చెప్పి వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

మొదట వచ్చిన ఇద్దరి సంగతీ బాగానే నడిచింది. మూడో మనిషి అడవులదీవి నుంచి వచ్చిన ఒకామె. యాభై దాటి ఉంటాయి. భర్త సముద్రం మీద వేటకు వెళతాడు, కౌలుకు తీసుకున్న రెండు రొయ్యల చెరువులు ఆమే చూసుకుంటుంది. చెప్పవలసింది దారి పొడవునా వల్లించుకుని వచ్చినట్టుంది, ఆగకుండా చెప్పింది.

"అయ్యా, మా రొయ్యలో ఏదో చెడ్డ మందు తగిలిందని కంపెనీవాళ్ళు లోడు వెనక్కి పంపేశారండి. పరీక్ష చేశామన్నారు. ఆ కాయితం చూపించండయ్యా అంటే చూపించలేదండి. పెంకు మెత్తబడిందని, అది గట్టిపడ్డానికి మందు చల్లాను, అంతేనండి. చల్లినాక ఇరవై రోజులు పట్టుబడి లేదండి. ఇప్పుడు నా పేరు చెబితే చుట్టుపక్కల ఎవరూ కొనట్లేదు. పరీక్ష కాయితం రైతుక్కూడా ఇవ్వాలని మీరు రూలు పెట్టించండి. నా మీద పడ్డ మాట పోవాలండి."

నేను రొయ్యను కూరలో తప్ప ఎరగను. పెంకు సంగతి నాకు అనవసరమైన వివరంలా తోచింది, వదిలేశాను. రెండు ముక్కల్లో తేల్చమన్నారుగా. గొంతు సవరించుకుని, చక్కటి ఉచ్చారణతో హిందీలోనూ ఇంగ్లీషులోనూ, ఆమె చెరువులో మందు వాడిందనీ, ఇరవై రోజులదాకా పట్టుబడలేదనీ చెప్పాను.

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాయితం సంగతి చెప్పేలోపే సభ్యుల్లో పెద్దాయన అందుకుని, ఆ తర్వాత ఏమైందో అడగమన్నాడు. అడిగాను.

"ఇరవై ఒకటో రోజున పట్టుబడి అయిందండి. రొయ్య బాగుందండి" అంది.

ఇరవై ఒకటో రోజున పట్టుబడిందట అన్నాను. బల్ల చుట్టూ నవ్వు లేచింది. ఈవిడైనా నిజం ఒప్పుకుందని ఎవరో హిందీలో అన్నారు. వాళ్ళు నవ్వడం చూసి తన మాట నచ్చిందనుకుని ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఎంత అమాయకురాలో, ఇంతమంది ముందు తప్పు ఒప్పేసుకుంటోంది అని జాలిపడ్డాను కూడా. హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఎగుమతిదారులు నోరు మెదపలేదు, వాళ్ళకేం అవసరం? ఆఫీసర్లు విస్తళ్ళ దగ్గర ఉన్నారు.

బయటికి వెళుతూ ఆమె నా దగ్గర ఆగింది. "కాయితం సంగతి చెప్పారాండి మాస్టారూ?"

"అంతా చెప్పానమ్మా" అన్నాను. చెప్పలేదు. ఆమె నా నంబరు రాయించుకుని వెళ్ళింది.

సాయంత్రం తెనాలి రైల్లో నా ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. నిడుబ్రోలు దాటాక ఒకతను ఫోనులో, "ఎల్లుండి పట్టుబడి పెట్టుకున్నాం, మనుషులు దొరకట్లేదు, నలుగుర్ని పంపించు బావా" అంటున్నాడు. మధ్యాహ్నం ఆమె అన్న మాటే అది.

"పట్టుబడి అంటే ఏంటండి?" అని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "రొయ్యలు పట్టడమేనండి. పంట కొయ్యడం లాగా."

ఆమె చెప్పిందంతా అప్పుడు తిన్నగా అర్థమైంది. పెంకు గట్టిపడాలని మందు చల్లింది. ఆ మందు జాడ పోయేదాకా నష్టం తట్టుకుని ఇరవై రోజులు పంట తీయకుండా ఆగింది. తాను తప్పు చేయలేదని చెప్పుకోవడానికే వచ్చింది. నేను ఆమె చేత తప్పు ఒప్పించి పంపాను. ఆమె ఊరి చుట్టుపక్కల పదేళ్ళ పిల్లకు కూడా తెలిసిన మాట నాకు తెలియదు. తెలియకపోవడం పెద్ద నేరం కాదు. ఇంతవరకే అయితే ఇది రాయవలసిన అవసరం లేదు.

పది రోజులకు ఆనాటి మాటలన్నీ టైపు చేసిన కాయితాలు నాకు వచ్చాయి. సరిచూసి, తప్పులుంటే కారణం రాసి దిద్ది, సంతకం చేసి పంపాలి. దాంతోపాటే చిన్న ఉత్తరం. నా అనువాదం సభ్యులకు ఎంతో నచ్చిందనీ, విశాఖపట్నంలో జరగబోయే సమావేశానికి కూడా రాగలనా అనీ అడిగారు. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆమె మాటలున్న పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. దిద్దాలంటే పక్కన కారణం రాయాలి. 'అనువాదకునికి మాట అర్థం కాలేదు' అని నా చేత్తో నేనే రాయాలి. ఆ పేజీలో ఒక కామా దిద్దాను. ఇంకో పేజీలో ఒక స్పెల్లింగు దిద్దాను. అన్నీ సరిగా ఉన్నాయని సంతకం చేసి పంపాను.

మా ఆవిడకు చెప్పని సగం ఇదే. ఒక మాట తప్పుగా అనువదించానని మాత్రం చెప్పాను. "దిద్ది పంపావుగా?" అని అడిగింది. "ఆఁ" అన్నాను.

విశాఖపట్నం వెళ్ళొచ్చాను. అక్కడా మెచ్చుకున్నారు. సిగ్గు లేకుండా దండ కూడా వేయించుకున్నాను.

కొన్ని నెలలకు నివేదిక బయటికి వచ్చింది. కంప్యూటర్లో వెతికి, అడవులదీవి దగ్గర ఆగాను. మందు వాడి పట్టుబడకుండా తిరిగామని రైతులే స్వయంగా ఒప్పుకున్నారనీ, తనిఖీలు మరింత గట్టిగా ఉండాలనీ రాసి ఉంది. పరీక్ష కాయితం రైతుకు చూపించడం గురించి ఒక్క ముక్క లేదు. ఆ వారంలోనే ఆమె ఫోన్ చేసింది.

"రిపోర్టు వచ్చిందంటగా మాస్టారూ. నా మాట ఉందాండి అందులో?"

"ఉందమ్మా" అన్నాను.

"అయితే వీలు చూసుకుని తెచ్చి కాస్త చదివి పెట్టండి. మీకు పుణ్యముంటుంది."

రాలేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ పేజీ ప్రింటు తీయించుకుని పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. భట్టిప్రోలు వచ్చేదాకా నిజం చెప్పేస్తాననుకున్నాను. రేపల్లెలో బస్సు ఎక్కాక మనసు మార్చుకున్నాను.

ఆమె ఇంటి వెనకే చెరువులు. నీళ్ళు తోడేసి ఉన్నాయి, అడుగు మట్టి నెర్రెలిచ్చింది. "పిల్లలు వేసినా కొనేవాడుండాలిగా" అంది. చెరువులో వేసే రొయ్య పిల్లల మాట అది. ఈసారి మాత్రం నాకు అర్థమైంది. కుర్చీ వేసి, నిమ్మసోడా తెప్పించి, తను అరుగు మీద కూర్చుని "చదవండి" అంది.

నేను కాయితం విప్పి, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు నడిపిస్తూ, ఆమె ఆ రోజు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులో చెప్పాను. పెంకు మెత్తబడటం, మందు, ఇరవై రోజులు, పరీక్ష కాయితం, మీద పడ్డ మాట పోవడం. ఈసారి ఒక్క ముక్క పొల్లు పోలేదు.

"అవునండి. నేనన్నది అదేనండి" అంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి. రేపు కంపెనీ మనిషి మా ఊరొస్తాడు, అతనికి చూపిస్తాను. ఇంత పెద్దవాళ్ళు రాశారు, ఇంకేమంటాడు?"

నేను కాయితం వెనక్కి తీసుకున్నాను.

"ఇది అతనికి చూపించకూడదమ్మా" అన్నాను.

"ఏంటండి? ఎందుకని?"

చెప్పాను. పట్టుబడి అనే మాట దగ్గర మొదలుపెట్టి, ఎర్ర పెన్నుతో కామా దిద్దడం వరకు. తిట్టుంటే బాగుండేది, తిట్లకు సిద్ధపడే ఉన్నాను.

"సంతకం పెట్టేనాటికి మీకు తెలుసా?" అని మాత్రం అడిగింది.

"తెలుసమ్మా."

నేను లేచి, ఇంటికి వెళ్ళగానే ఢిల్లీకి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తానన్నాను.

"ఇక్కడే రాయండి. తెలుగులో రాయండి" అంది.

"వాళ్ళకి తెలుగు..."

"చదివేవాళ్ళు ఎవరో ఒకరుంటారులెండి. నాకు తెలియాలి కదా ఏం రాశారో."

అరుగు మీద కూర్చుని రాశాను. నా జన్మలో అన్ని కొట్టివేతలతో ఏదీ రాయలేదు. అయ్యాక చదివి వినిపించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, పక్కింటి కోడల్ని కేకేసింది. ఆ అమ్మాయి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా ఉత్తరాన్ని నా ముందే పైకి చదివింది. 'తెలిసే సంతకం పెట్టాను' అన్నచోట ఆ అమ్మాయి గొంతు తగ్గించి నా వైపు చూసింది.

"ఆ ముక్క మళ్ళీ చదవ్వే" అంది ఆమె.

మళ్ళీ చదివింది. నా సంతకం కింద ఆమె తన పేరు కూడబలుక్కుంటూ రాసి, ఉత్తరం మడిచి ఆ అమ్మాయికిచ్చింది. "రేపు రేపల్లె వెళతావుగా, రిజిస్టరు పోస్టులో వేసి చీటీ తెచ్చి నాకియ్యి."

"నా బస్సు ఇప్పుడు రేపల్లెకే కదమ్మా, నేను వేస్తాను" అన్నాను.

"వద్దండి" అంది.