వెలిసిన ఫొటోలో పడవ రంగు

ముందు నిశ్చయంగా తెలిసినవి. విశాఖ దగ్గరి యారాడలో నా సహోద్యోగి ఇంటి గోడకు ఒక పాత రంగుల ఫొటో ఉంది. చనిపోయిన అతని తండ్రి తన కర్రపడవ పక్కన నిలబడి ఉంటాడు, తల్లి కాస్త వెనకగా ఉంటుంది. పడవ అంచున పట్టీ పసుపుగానూ, ఆవిడ చీర వంగపండు రంగులోనూ కనిపిస్తాయి. ఇక విన్నవి. పట్టీ నిజంగానే పసుపని నా సహోద్యోగి అంటాడు, ఆకుపచ్చని అతని తమ్ముడు అంటాడు. ఫోన్లోని రెట్రో ఫిల్టర్లు పాత రోజుల్ని ఉన్నవున్నట్టు చూపిస్తాయన్నది కూడా వినికిడే.

ఉక్కు నమూనాలను పరీక్షించడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో వన్ టౌన్ సందుల్లో ఫొటోలు తీస్తాను. ఫోన్లో వెచ్చటి రంగునిచ్చే వార్మ్ సగం దాకా పెంచి, దాని మీద వెలిసినట్టు చేసే ఫేడ్, చివర కాస్త ఇసుక చల్లినట్టుండే గ్రెయిన్ వేయడం నాకెంతో ఇష్టం. అయితే అది గతమని ఎన్నడూ నమ్మలేదు. పాత ప్రింట్లలో తరచుగా నీలాన్నిచ్చే అద్దకం ముందు చెడిపోతుంది. ఫిల్టరు అనుకరించేది ఆ చెడిపోవడాన్నే.

అన్నదమ్ములు కొత్త ఫైబర్ పడవ కొన్నారు. తండ్రి పడవకున్న పట్టీ రంగే కొత్తదానికీ వేయాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. రంగు తేలనిదే తల్లి కొబ్బరికాయ కొట్టనివ్వదు, కొట్టనిదే పడవ నీళ్లలోకి దిగదు. నిషేధం ముగిసి వేట మళ్లీ మొదలయ్యే రోజులు దగ్గరపడ్డా పడవ ఇసుక మీదే ఉంది. నేను ఆవిడనే అడిగితే, ఫొటోను చూసి చూసి అసలు రంగు తన మనసులోంచి పోయిందని నిజాయితీగా ఒప్పుకుంది.

ఫొటోలోని చీర ఇంకా పెట్టెలో ఉందని కూడా చెప్పింది. తీయించి, అంచు నేతను ఫొటోతో సరిపోల్చాను. అదే చీర, కానీ వెలుతురు తగలని లోపలి మడతల్లో ముదురు నీలం. నాకు దారి దొరికినట్టయింది. చీరను ఎండలో పరచి ఫొటో తీశాను. నాకిష్టమైన మేళవింపు దానికి ఏమాత్రం సరిపోలేదు. వార్మ్ తగ్గించి, రంగును గులాబీ వైపు జరిపి, ఫేడ్ పూర్తిగా పెంచి, దాని మీద ఇంకో పాతకాలపు ఫిల్టరు వేస్తే, ఫోన్లోని చీర గోడమీది చీరలా మారింది. పసుపు, ఆకుపచ్చ రంగుల్ని ఒక చెక్క మీద పూసి, అదే ఎండలో ఫొటో తీసి, ఆ అమరికను కదపకుండా రెండింటికీ వేశాను. పసుపు మరీ లేతగా పాలిపోయింది. ఆకుపచ్చ మాత్రం నా కళ్లముందే ఫొటోలోని పసుపుగా మారింది. నీలం పోతే ఆకుపచ్చలో మిగిలేది పసుపే.

ఒక్క సాక్ష్యం చాలదు. ఫొటో మూలన కొబ్బరాకులున్నాయి. అవీ పసుపే, కానీ ఎవరూ గమనించలేదు. పెరట్లోని పచ్చి ఆకుకు అదే అమరిక వేశాను. అదే పసుపు వచ్చింది. ఫోనును ఫొటో పక్కన పెట్టి అందరికీ చూపించాను.

“నాను అబద్ధం సెప్పలేదు బావ, ఫొటోయే సెప్పింది,” అన్నాడు నా సహోద్యోగి నా వైపు తిరిగి.

“నువ్వు ఫొటోని నమ్మినావు, నన్ను నమ్మనేదు,” అన్నాడు తమ్ముడు అన్నతో నవ్వుతూ.

తల్లి ఫోన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని అడిగింది: “అయితే ఇన్నేళ్లూ నాను సూత్తన్నది ఎలిసిపోయిన రంగా, బాబూ?”

అవునన్నాను. ఆవిడ చీర లోపలి మడతను వేలితో నిమిరింది. చీర మడతపెట్టి, కొబ్బరికాయ తెమ్మంది.

పడవ ఆకుపచ్చ పట్టీతోనే అలల్లోకి దిగింది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. తండ్రి వేసింది లేత ఆకుపచ్చా, ముదురుదా? ఆ అమరికలో రెండూ ఒకే పసుపులోకి జారిపోతున్నాయి. వెలిసిపోయిన ప్రింటు వాటి తేడాను తనలో కలిపేసుకుంది, పాత పడవ కర్ర ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. పట్టీ వేసే ముందు తల్లి లేత రంగు డబ్బా మీద వేలు పెట్టింది, అదే వేశారు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ జవాబును పరీక్షించే సాధనం నా దగ్గర లేదు.